మంద మొర వినేదెవరు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుబండిలో గానీ, బాపట్ల బస్టాండులో గానీ ఇద్దరు క్రైస్తవులు ఎదురుపడితే వానలు, వరిచేలు, పిల్లల చదువులు అయ్యాక మాట సంఘం మీదికే మళ్ళుతుంది. "మీ పాస్టరుగారు ఎలా ఉన్నారు?" అని ఒకరంటే, "మీ ఫాదరుగారో?" అని ఇంకొకరు అడుగుతారు. అక్కడి నుంచి గొంతులు తగ్గుతాయి. అటూ ఇటూ చూసి మరీ మాట్లాడతారు. తమ కాపరిని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడానికి మంద ఇంతగా ఎందుకు జంకాలన్నదే ఈ వారం మన ఆలోచన.

ముందుగా మన పొరుగున ఉన్న కథోలిక సోదరుల సంగతి చూద్దాం. ఊళ్ళో అందరం 'ఆర్.సి.ఎం. వారు' అంటుంటాం. వారి భాషలో ఒక ప్రాంత సంఘాన్ని 'విచారణ' అంటారు. దానికి విచారణ గురువు ఉంటారు, విచారణలన్నిటి మీద మేత్రాణులుంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు మేత్రాసనం కిందివే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోకి, తెనాలి మరొక జిల్లాలోకి వెళ్ళినా మేత్రాసనం మాత్రం ఒక్కటిగానే ఉంది.

ఆ విశ్వాసులు తమ గురువుల మీద చెప్పుకునే అసంతృప్తి ఏ ప్రాంతంలోనైనా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఫాదరుగారు ఇల్లు తొక్కరు. పండుగ చందా ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో చెప్పరు. పెళ్ళి ప్రకటన చదవాలన్నా, సమాధుల తోటలో చోటివ్వాలన్నా పాత బాకీ తీర్చమంటారు. బడిలో ఉద్యోగం ఎవరికి ఎందుకిచ్చారో తెలియదు. పల్లెలో గుడికి ఎప్పుడో ఒకసారి వస్తారు, పూజ కాగానే వెళ్ళిపోతారు. అడిగితే "అడగడానికి నువ్వెవరు?" అంటారు. ఈ మాటలన్నీ అన్నిచోట్లా నిజమని మేము అనడం లేదు. ఏ విచారణ పేరూ ఎత్తడం లేదు. మొదట మాట్లాడినవాడిదే న్యాయమనిపిస్తుందనీ, ఎదుటివాడు వచ్చాక గానీ సంగతి తేలదనీ సామెతల గ్రంథం ఎప్పుడో హెచ్చరించింది (సామెతలు 18:17). ఒక్క గురువు పట్నంలో గుడి, చుట్టూ పల్లెల్లో గుళ్ళు, బడి లెక్కలు, ఆస్తుల కాగితాలు అన్నీ చూసుకోవాలి. భార్యాబిడ్డలు లేని ఒంటరి ఇంట్లో ఉంటారు. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో బదిలీ అవుతారు. ఆయన వైపు కథ కూడా ఒకటుంటుంది.

'ఇది మన పేజీ కదా, వాళ్ళ గొడవ మనకెందుకు?' అని పాఠకులు అడగవచ్చు. ఎందుకంటే ఆ గొడవ పడిన కుటుంబం చివరికి వచ్చి నిలబడేది మన గుమ్మం ముందే. ఫాదరుగారితో మాట పడ్డవారు వచ్చే ఆదివారం పక్క వీధిలోని ప్రార్థన మందిరంలో కనిపిస్తారు. మనవారు చప్పట్లు కొట్టి చేర్చుకుంటారు, సాక్ష్యం చెప్పిస్తారు. 'అంధకారంలో నుంచి వెలుగులోకి' అని కరపత్రం కూడా వేస్తారు. ఆ కుటుంబం వదిలి వచ్చింది మరియమ్మ స్వరూపాన్ని చూసి కాదు, చందా లెక్క అడిగితే ఎవరూ జవాబు చెప్పక. ఇక్కడికి వచ్చాక మన లెక్క అడిగితే ఏమవుతుందో వారికింకా తెలియదు.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కథోలిక విశ్వాసికి నోరెత్తే హక్కు వారి చట్టంలోనే రాసి ఉంది. 1983లో రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రకటించిన శ్రీసభ చట్టంలోని 212వ సూత్రం ప్రకారం విశ్వాసులు తమ అవసరాలను, కోరికలను కాపరులకు తెలియజేసుకోవచ్చు. సంఘ మేలుకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయాన్ని కాపరులకూ తోటి విశ్వాసులకూ చెప్పడం వారి హక్కు, కొన్ని సందర్భాల్లో బాధ్యత కూడా. గౌరవం తప్పకుండా చెప్పాలన్నదే షరతు. ప్రతి విచారణలో ఆర్థిక మండలి తప్పనిసరిగా ఉండాలని 537వ సూత్రం చెబుతుంది. విశ్వాసులిచ్చిన సొమ్ముకు విశ్వాసులకే లెక్క చెప్పాలని 1287వ సూత్రంలో ఉంది. ఇక 1740, 1741 సూత్రాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. విచారణ గురువు పరిచర్య ఏ కారణం చేతనైనా హానికరంగానో నిష్ఫలంగానో మారితే, అందులో ఆయన పెద్ద తప్పేమీ లేకపోయినా, మేత్రాణులు ఆయనను అక్కడి నుంచి తప్పించవచ్చు. అందుకు చెప్పిన కారణాల్లో సొమ్ము సరిగా చూడకపోవడం, బాధ్యతలను గట్టిగా నిర్లక్ష్యం చేయడం మాత్రమే కాదు, త్వరగా తీరేలా కనిపించని విశ్వాసుల విముఖత కూడా ఉంది. అంటే మంద మనసు విరిగిపోవడం కూడా లెక్కలోకి వచ్చే విషయమేనని రోము ఒప్పుకున్నట్టే.

అయితే కాగితం మీదున్న హక్కు గుడి మెట్ల దాకా రావాలి కదా. విచారణ సలహా మండలి పెట్టాలా వద్దా అన్నది మేత్రాణుల ఇష్టం. పెట్టినా అది సలహా వరకే. చివరి మాట గురువుది, ఆయన పైన మేత్రాణులది. ఆ చట్టం మన ప్రాంతపు సామాన్య విశ్వాసుల్లో ఎందరి చేతికి అందింది? హక్కు ఉందని తెలియనివాడు హక్కు లేనివాడితో సమానం.

ఈ లోటును కథోలిక పెద్దలే గుర్తించారు. 2021లో ఫ్రాన్సిస్ పోపుగారు మొదలుపెట్టిన సినడు ప్రక్రియలో ప్రపంచంలోని మేత్రాసనాలన్నిటినీ 'విశ్వాసులు చెప్పేది వినండి' అని కోరారు. 2023 అక్టోబరులో రోములో జరిగిన సమావేశంలో గృహస్థులకు, స్త్రీలకు కూడా ఓటు ఇచ్చారు. అంతకు ముందు అలా ఎన్నడూ జరగలేదు. 2024 అక్టోబరులో వెలువడిన తుది పత్రం ఇలాంటి సలహా మండళ్ళు తప్పనిసరి కావాలనీ, అధికారంలో ఉన్నవారు లెక్క చెప్పాలనీ కోరింది. ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్‌లో మరణించారు. ఆ పత్రంలోని మాటలు మన డెల్టా పల్లెల దాకా ఎంత దిగివస్తాయన్నది ఇకమీదట చూడాలి.

విశ్వాసుల మాట వినకపోతే ఏమవుతుందో ఆ ఫ్రాన్సిస్ గారి కాలంలోనే చిలీ దేశంలో తేలింది. ఒసోర్నో అనే మేత్రాసనానికి 2015లో హువాన్ బార్రోస్ అనే ఆయనను మేత్రాణులుగా నియమించారు. పిల్లలపై అఘాయిత్యం చేసినట్టు రుజువైన ఒక గురువుకు ఆయన సన్నిహితుడనీ, ఆ పనులు తెలిసీ ఊరకున్నాడనీ బాధితులు చెప్పారు. ఆయన పదవిలోకి వచ్చిన రోజున విశ్వాసులు నల్లబట్టలు కట్టుకుని గుళ్ళోనే నిరసన తెలిపారు. ఆ తర్వాత మూడేళ్ళూ వదల్లేదు. వారిని గిట్టనివారన్నారు, రాజకీయం చేస్తున్నారన్నారు. 2018 జనవరిలో ఆ దేశం వచ్చిన పోపుగారే అవన్నీ అపనిందలన్నారు. తర్వాత ఆయన విచారణకు మనుషుల్ని పంపగా రెండు వేల పేజీలు దాటిన నివేదిక వచ్చింది. అదే ఏడు ఏప్రిల్‌లో పోపుగారు తాను ఘోరంగా పొరబడ్డానని రాసి క్షమాపణ అడిగారు, జూన్‌లో బార్రోస్ గారి రాజీనామా ఆమోదించారు. మూడేళ్ళు గుడిబయట అట్టలు పట్టుకుని నిలబడ్డ సామాన్యుల మాటే చివరికి నిజమైంది. వారిలో చాలామంది శ్రీసభను వదలలేదు, అక్కడే ఉండి అడిగారు.

మన రాష్ట్రంలో దీనికి పూర్తిగా వేరైన చేదు ఉదంతం ఒకటుంది. 2016 ఏప్రిల్‌లో కడప మేత్రాణులు గల్లెల ప్రసాద్ గారిని దారికాచి కారులో ఎత్తుకుపోయి, కొట్టి, డబ్బు డిమాండ్ చేసి మర్నాడు వదిలేశారు. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో గురువులు కూడా ఉండడంతో తెలుగు క్రైస్తవులందరూ తల దించుకున్నారు. ఏ అసంతృప్తీ ఆ నేరానికి సాకు కాదు. అయినా ఒక మేత్రాసనంలో సొమ్ము గురించి, కులం గురించి గుసగుసలు ఏళ్ళ తరబడి గుసగుసలుగానే ఉండిపోతే ఎవరి మీద ఎవరికీ నమ్మకం మిగలదన్నది మాత్రం ఒప్పుకోవాలి.

కులం మాట వచ్చింది కాబట్టి దాటవేయలేం. ఊరిలోని పెద్ద ఇంటి నుంచి వచ్చిన ఫిర్యాదుకూ, పల్లె నుంచి వచ్చిన ఫిర్యాదుకూ ఒకే కుర్చీ వేస్తున్నారా? కథోలిక మేత్రాణుల జాతీయ సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై ప్రకటించిన విధానపత్రంలో సంఘంలో వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు దళితుల్లో నుంచి వచ్చిన తొలి కార్డినల్ అయ్యారు. సంతోషమే. కానీ రోములో ఎర్రటోపీ పెట్టినంత మాత్రాన రేపల్లె పక్క పల్లెలో ఆదివారం నాడు ముందు బల్ల ఖాళీ కాదు. యాకోబు రాసిన బంగారు ఉంగరం కథ (యాకోబు 2:1-4) మన లూథరన్, బాప్టిస్టు గుళ్ళల్లో తెలియనిదా?

ఇక వాక్యంలోకి వద్దాం. కాపరిని ప్రశ్నించేవారి నోరు మూయించడానికి మన ప్రాంతంలో ఎక్కువగా వాడే వచనం అభిషిక్తుల జోలికి పోవద్దన్నది (కీర్తన 105:15). ఆ కీర్తనలో దానికి ముందున్న మూడు వచనాలు చదివి చూడండి. అక్కడ అభిషిక్తులెవరు? గుప్పెడుమందిగా, సొంత నేల లేక, దేశం నుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము ఇంటివారు. గద్దింపు తిన్నది ఎవరు? రాజులు. బలవంతుల నుంచి బలహీనులను కాపాడడానికి పలికిన మాటను తీసుకొచ్చి బలహీనుల మీద ప్రయోగిస్తున్నాం. దావీదు సంగతి కూడా తరచుగా చెబుతారు. అతడు అభిషిక్తుడైన సౌలు మీద చెయ్యి వేయలేదు, నిజమే. కానీ నోరు మూసుకోలేదు. గుహలో నుంచి బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చేతబట్టుకుని, అందరూ వింటుండగా 'నా మీద ఏం నేరం ఉంది?' అన్నట్టు సౌలును నిలదీశాడు. సౌలు ఏడ్చాడు (1 సమూయేలు 24). చెయ్యి ఎత్తకపోవడం, గొంతు ఎత్తడం రెండూ ఒకే మనిషిలో ఒకే రోజున కనిపిస్తాయి.

అపొస్తలుల కార్యాల 6వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. భోజనం పంచడంలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. సణిగింది ఎవరి మీద? పెంతెకొస్తు నాడు మూడువేల మందికి బాప్తిస్మమిచ్చిన అపొస్తలుల పాలన మీద. పేతురు వారిని గద్దించలేదు, దేవుని సేవకులను ప్రశ్నిస్తారా అనలేదు. శిష్యులందరినీ పిలిచి, మీరే ఏడుగుర్ని ఎన్నుకోండి అన్నారు. ఎన్నికైనవారి పేర్లు అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి వైపువారికే గిన్నె, గరిటె అప్పగించినట్టు కనబడుతుంది. మోషే కాలంలో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు గుడారపు ద్వారం దగ్గర నిలబడి ఆస్తి అడిగినప్పుడు మోషే తనంతట తాను తోసిపుచ్చలేదు, సంగతి దేవుని యెదుటికి తీసుకెళ్ళాడు. దేవుడు వారి మాటే న్యాయమన్నాడు (సంఖ్యాకాండము 27:1-7). చట్టమే మారింది.

అలాగని ప్రతి సణుగుడూ న్యాయమైపోదు. కోరహు సణుగుడూ అదే గ్రంథంలో ఉంది. మన జిల్లాల్లో ఆకాశరామన్న ఉత్తరాలకు కొదవలేదు. పేరుండదు, సంతకం ఉండదు, గురువుగారి నడత మీద నాలుగు పేజీలు మాత్రం ఉంటాయి. బదిలీ కావాలనుకున్న వర్గం ఒకటి, వద్దనుకున్న వర్గం ఒకటి. పెద్ద మీద నిందను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే అంగీకరించమని పౌలు రాసింది అందుకే (1 తిమోతి 5:19). మనం అక్కడితో ఆగిపోతాం. తర్వాతి వచనం కూడా ఉంది. తప్పు రుజువైతే అందరి ఎదుటా గద్దించమంటుంది. పేరు లేని ఉత్తరాన్ని చించేయమనే సంఘం, పేరు పెట్టి రాసిన ఉత్తరానికి జవాబివ్వాలి. పేరు పెట్టి రాసినవాడి కూతురి పెళ్ళి ఆగిపోయే చోట అందరూ ఆకాశరామన్నలే అవుతారు.

పిల్లల మీద జరిగిన అఘాయిత్యమైతే మాత్రం అది కమిటీలు కూర్చుని తేల్చే విషయం కానే కాదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. గురువైనా, పాస్టరైనా, సండేస్కూలు టీచరైనా అంతే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మనం లూథరు సంతానమని గొప్పగా చెప్పుకుంటాం. 1523లో జర్మనీలోని లైస్నిగ్ అనే చిన్న పట్టణపు సంఘం తమ పాస్టరును తామే ఎన్నుకుంటామంది. వారి కోసం లూథరు ఒక చిన్న పుస్తకమే రాశాడు. బోధను తూచి చూసే అధికారం, బోధకుణ్ణి పిలుచుకునే అధికారం, అవసరమైతే పంపించే అధికారం సంఘానికి ఉందని లేఖనాలతో వాదించాడు. ఆ ఊరివారు సంఘపు సొమ్ముకు ఒక పెట్టె చేయించి దానికి నాలుగు వేర్వేరు తాళాలు పెట్టారు. దొరల దగ్గర ఒక తాళంచెవి, పట్టణ సభ దగ్గర ఒకటి, పట్నవాసుల దగ్గర ఒకటి, పల్లె రైతుల దగ్గర ఒకటి. నలుగురూ వస్తే గానీ మూత లేవదు. అంతకు చాలా శతాబ్దాల ముందు యెరూషలేములో రాజైన యోవాషు కాలంలోనూ ఇలాంటి పెట్టే పెట్టారు. ఏళ్ళ తరబడి యాజకుల చేతికి సొమ్ము అందుతున్నా మందిరం బాగుపడలేదు. అప్పుడు మూతకు బెజ్జం చేసిన పెట్టెను బలిపీఠం పక్కన పెట్టారు. రాజు లేఖికుడూ ప్రధాన యాజకుడూ కలిసి కూర్చుని లెక్కపెట్టేవారు (2 రాజులు 12:9-10). పౌలు కూడా యెరూషలేము పేదలకు వసూలైన కానుకను ఒక్కడే మోసుకెళ్ళలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట తీసుకున్నాడు (2 కొరింథీ 8:19-21).

మరి మన పెట్టెకు ఎన్ని తాళాలున్నాయి? 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చింది మొదలు 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడేదాకా ఎనభై అయిదేళ్ళ పాటు ఈ ప్రాంతపు లూథరన్లకు చివరి మాట మిషనరీలదే. కథోలికుల్లో గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడి, తెలుగువారైన పోతకమూరి థామస్ గారు తొలి మేత్రాణులయ్యారు. ఆ మధ్యనే 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి బైబిలు మిషను ప్రారంభించారు. పెద్ద సంఘాల్లో తమ మాటకు చోటు దొరకనివారు కొత్త గుడి కట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. పాత సంఘాల్లో కమిటీలు, ఎన్నికలు, సినడులు ఉన్నాయి. అవి పదవుల పోటీలై కోర్టు మెట్లెక్కడం కూడా అందరం చూశాం. ఇక గత 30, 40 ఏళ్ళలో పుట్టిన స్వతంత్ర సంఘాల్లో అనేకచోట్ల స్థలం పాస్టరుగారి పేరున, ట్రస్టులో ఆయన, అమ్మగారు, అబ్బాయి. తర్వాత కాపరి ఎవరో అబ్బాయి పదో తరగతిలో ఉండగానే తెలిసిపోతుంది. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి లెక్కలు పెట్టాలి. ఆ సమావేశానికి పిలుపు అందుకున్న విశ్వాసులు చేతులెత్తితే లెక్కపెట్టడం పెద్ద పని కాదు. కథోలిక విశ్వాసికి మేత్రాణుల దగ్గరికీ, ఆ పైన ఢిల్లీలోని పోపుగారి రాయబారి దగ్గరికీ ఉత్తరం రాసే దారి ఉంది. స్వతంత్ర సంఘపు విశ్వాసి ఎవరికి రాయాలి? అతనికి మిగిలింది చెప్పులేసుకుని వెళ్ళిపోవడమే. వెళ్ళిపోయినవారి గురించి మన పీఠం మీద నుంచి ఏమంటామో తెలిసిందే కదా, 'వెనుకంజ వేసినవారు' అని.

కాబట్టి ఫాదరుగారితో పడక మన దగ్గరికి వచ్చిన కుటుంబానికి మొదటి వారమే సాక్ష్యం చెప్పించవద్దు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సంగతి పూర్తిగా విందాం. ముందు ఫాదరుగారితోనే ఒంటరిగా మాట్లాడారా అని అడుగుదాం (మత్తయి 18:15). మాట్లాడి ఉంటే ఇద్దరు పెద్దమనుషులతో వెళ్ళమందాం. అప్పటికీ కాకపోతే తేదీ వేసి, పేర్లు రాసి, సంతకాలు పెట్టి, మర్యాద తప్పని భాషలో మేత్రాణులకు ఉత్తరం రాయమందాం, ఒక నకలు దగ్గర ఉంచుకోమందాం. వారి చట్టంలో 212వ సూత్రం ఉందని చెబుదాం. ఇది చెప్పడానికి మనం కథోలికులం కానక్కరలేదు. వారి విశ్వాసంలో మనకు నచ్చని విషయాలు ఉండవచ్చు, వాటిని తర్వాత బైబిలు తెరిచి మాట్లాడుకోవచ్చు. కోపంతో వచ్చినవాడికి సిద్ధాంతం బోధిస్తే అతనికి నచ్చేది సిద్ధాంతమో, ఫాదరుగారి మీద గెలుపో అతనికే తెలియదు.

ఆ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా వారు ఆదివారాలు మన బల్లల మీద కూర్చోవచ్చు, మనతో పాటలు పాడవచ్చు, ప్రార్థన చేయించుకోవచ్చు. సంఘ రిజిస్టరులో పేరు రాయడానికి మాత్రం తొందరపడవద్దు.